వెనకా ముందూ

బూట్లు గుమ్మం దగ్గరే విప్పించారు.
ఉన్ని మేజోళ్ళతో ఏడేళ్ళవాళ్ళు ఇరవైమంది
చాప మీద నెలవంకలా కూర్చున్నారు.
పొద్దున్న పదైనా కిటికీలో ఇంకా నీలంగానే ఉంది.
"ఈ అక్కది బొలీవియా" అని హిల్కా టీచరు
గ్లోబుని దాదాపు బోర్లించి
ఎక్కడో అడుగున వేలు పెట్టింది.

పేరు నీనా అన్నాను.
మా భాషలో దానర్థం నిప్పు అని చెప్పేలోపే
"మా వంటావిడా నీనాయే!" అని ఒకటే గోల.
నిప్పు సంగతి అక్కడే ఆరిపోయింది.

సంచిలోంచి చున్యో తీశాను.
నల్లగా, ముడతలు పడి, అరచేతిలో బరువే ఉండదు.
"రాయి" అన్నాడొకడు.
"రెయిన్‌డీర్ పెంటిక" అంది ఒకమ్మాయి, వాసన చూసి మరీ.
బంగాళాదుంప, అన్నాను.
రాత్రి గడ్డకట్టే చలిలో ఆరుబయట పరుస్తాం,
పగలు ఎండకి మెత్తబడ్డాక కాళ్ళతో తొక్కుతాం,
నీరంతా పోయి ఎండితే ఏళ్ళ తరబడి నిలవుంటుంది.
"వట్టి కాళ్ళతోనా?"
వట్టి కాళ్ళతోనే.

(రెండేరెండుసార్లు తొక్కానని చెప్పలేదు.
రెండోసారి చలికి ఏడిస్తే
అమ్మమ్మ నన్ను లారీ కేబిన్లో కూర్చోబెట్టిందనీ,
మా అమ్మ ఎల్ ఆల్తోలో ఫోన్ కవర్లు అమ్ముతుందనీ,
మా ఇంట్లో దెబ్బలాటలన్నీ స్పానిష్‌లోనేననీ,
ఐమారా నాకు అమ్మమ్మ దగ్గర మాత్రమే, అదీ తప్పులతోననీ చెప్పలేదు.
దేశాన్నంతా ఒక్క సంచిలో మోసుకొచ్చినదాన్ని,
చిల్లరంతా బయట పోసుకోవడం ఏం బావుంటుంది?)

తౌనో అనే బక్కపిల్లాడు చెయ్యెత్తాడు:
"మాకూ చలుంది, దుంపలున్నాయి. మేమెందుకు తొక్కం?"
టీచరు నన్ను చూసింది. నేను టీచర్ని చూశాను.
మీకు ఎండ లేదుగా, అన్నాను.
ఇరవై తలలూ కిటికీ వైపు తిరిగి, ఒప్పుకున్నాయి.

తీగల మీద వేలాడే పెట్టెల్లో
మా ఊరి జనం ఆఫీసులకి పోయే ఫోటో చూపించానో లేదో
చున్యో, అమ్మమ్మ, లామాలూ అన్నీ కొట్టుకుపోయాయి.
"స్కీలు లేకుండానా?"
"దిగేటప్పుడు దూకాలా?"
"పై నుంచి ఉమ్మితే?"

గంటకింకా నాలుగు నిమిషాలుండగా
ఎందుకో నోరు జారాను.
మా అమ్మమ్మకి గడిచిపోయింది కళ్ళెదుట ఉంటుంది,
చూసేశాం కదా, అందుకని.
నయ్ర అంటే కన్ను.
ముందు అన్నా అదే మాట.
వెనకటి రోజులన్నా అదే మాట.
రాబోయేది వీపు వెనక. ఎవరు చూశారు గనక?
రేపు అన్నప్పుడల్లా ఆవిడ బొటనవేలు
భుజం మీంచి వెనక్కి పోతుంది.

పిహ్లా మెల్లగా తన వీపు తడుముకుంది.
"నా పుట్టినరోజు?"
వెనకే ఉంది.
"చచ్చిపోయిన మా కుక్క?"
ముందు.
"ఎంత ముందు?"
వెనకా ముందూ చూసుకోకుండా
ఇదిగో ఇక్కడే, అని
దాని మోకాళ్ళ ముందు చాప మీద చెయ్యి పెట్టాను.
పిహ్లా కాళ్ళు కాస్త ముడుచుకుని
చోటిచ్చింది.

గంట కొట్టారు. పదకొండన్నా కాకుండానే ఇక్కడ భోజనం.
ఎవరు మొదలెట్టారో, వరస వరసంతా వెనక్కి నడిచింది.
ఒకడు కోట్ల కొక్కేలకి గుద్దుకున్నాడు,
ఒకమ్మాయి ఇంకొకరి బూటులో కాలు పెట్టింది.
తౌనో పోయి పోయి వంటావిడ నీనా పొట్టకి తగిలాడు.
ఆవిడ గరిటె దించకుండానే
ఎడం చేత్తో వాడి తల పట్టుకుంది.

వారం తర్వాత పెద్ద కవరొచ్చింది.
పంతొమ్మిది బొమ్మల్లోనూ తీగలు, పెట్టెలు,
ఒక పెట్టెలో ఎవరో ఐస్‌హాకీ కూడా ఆడుతున్నారు.
ఒక్కటి మాత్రం నా వీపు.
నాకు లేని జడలు రెండు,
వాటి మధ్య, తల వెనకాల, రెండు కళ్ళు.
"రేపు వచ్చి గుద్దెయ్యకుండా"
అని తౌనో చెబితే రాశానంది హిల్కా టీచరు.
ఒక కన్ను గోధుమరంగు. రెండోది ఆకుపచ్చ.
పెన్సిలు అరిగిపోయిందట.